వసిష్ఠకు ఏ ఒడ్డున: పేర్లు లేని జనాభా లెక్కల్లో మా వాళ్లను వెతికిన అనుభవం

మా అబ్బాయి న్యూజెర్సీలో ఒక పాత ఇల్లు కొన్నాడు. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను 72 సంవత్సరాలు గడిచిన తరువాత అందరికీ చూపిస్తారు కాబట్టి 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. వాడు ఒక ఆదివారం ఫోనులో, ఆ ఇంట్లో 1950లో ఎవరు కాపురం ఉండేవారో, ఇంటి పెద్ద ఏం పని చేసేవాడో, పిల్లల వయస్సులు ఎంతెంతో చదివి వినిపించి, "నాన్నా, మన ముత్తాతగారి వివరాలు కూడా ఇలాగే వెతకవచ్చు కదా" అన్నాడు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు ఆ మాట పట్టుకుంది. దాదాపు రెండేళ్లు దాని వెంట తిరిగాను. నరసాపురం ప్రాంతంలోనో, కోనసీమలోనో మూలాలున్న ఇంకెవరికైనా పనికివస్తుందని ఆ తిరుగుడు వివరాలు రాస్తున్నాను.

మొదటి వారంలోనే ఒక గోడ ఎదురైంది. మన దేశంలో 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం, గణకుడు ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాగితాలను చూడడానికి ఎవరికీ హక్కు లేదు. కోర్టులో సాక్ష్యంగా కూడా అవి చెల్లవు. అంతకు ముందరి బ్రిటిషు కాలపు చీటీలను, లెక్కలు తేలిన తరువాత ఎవరూ దాచిపెట్టలేదు. కనుక 1871 నుంచి ఇప్పటివరకు మన ఊళ్లలో పదేళ్లకొకసారి జరిగిన ఇన్ని లెక్కల్లో మా ముత్తాత పేరు చూపించే కాగితం ఒక్కటీ నా చేతికి రాదని తేలిపోయింది. మా పాత ఇంటి ద్వారబంధం పై కమ్మి మీద నాలుగు పొరల రంగు కింద తారుతో రాసిన ఒక అంకె ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. చిన్నప్పుడు దాన్ని మేము ఖానేషుమారీ (ఇళ్ల లెక్క) నంబరు అనేవాళ్లం. దాన్ని బట్టి ఏదైనా రిజిస్టరు దొరుకుతుందేమోనని నేను ఆశపడ్డ మాట నిజం. నంబరు మిగిలింది గాని రిజిస్టరు మిగలలేదు.

పేర్లు లేకపోయినా, జనాభా లెక్కల శాఖ అచ్చువేసిన పుస్తకాలు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. అవి చాలావరకు స్కాన్ చేసి ఆ శాఖ వెబ్‌సైటులోనే ఉచితంగా పెట్టారు. కుటుంబ చరిత్ర రాసుకునేవాళ్లు వాటి వైపు చూడకపోవడానికి కారణం, అవన్నీ అంకెల పుస్తకాలని అనుకోవడమే. నేనూ అలాగే అనుకున్నాను.

చూడడం మొదలుపెట్టాక ఒక నెల వృథాగా పోయింది. మా ఊరు పాలకొల్లుకు దక్షిణంగా, కాలువ గట్టున ఉన్న చిన్న పాలెం. ఏ పట్టికలో వెతికినా ఆ పేరు లేదు. పాలకొల్లు 'పాలకోల్' గాను, కాకినాడ 'కోకనాడ' గాను, ఏలూరు 'ఎల్లోర్' గాను ఇంగ్లీషులో రాసిన రోజులవి కాబట్టి అక్షరాల తేడా అనుకొని ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్ని రకాలుగానూ వెతికాను. చివరకు మా ఊరి వృద్ధుడొకాయన, పూర్వం కరణంగారి దగ్గర రాతకోతలు చేసినవాడు, నవ్వి, "మనది శివారు గదయ్యా, రెవెన్యూ గ్రామం పేరు చూడు" అన్నాడు. జనాభా లెక్కలు గుర్తించేది రెవెన్యూ గ్రామాన్ని. దాని శివార్లన్నీ ఆ ఒక్క వరసలోనే కలిసిపోతాయి. డెల్టాలో పాలేలు, లంకలు, గరువులు, మెరకలు అని పిలుచుకునే ఊళ్లలో చాలా భాగం శివార్లే. మీ ఊరు కనబడకపోతే ముందుగా పాత పట్టాదారు పాసుపుస్తకం తీసి గ్రామం అన్నచోట ఏముందో చూసుకోవడం మంచిది.

రెండో చిక్కు జిల్లాది. 1901 లెక్కల్లో నరసాపురం తాలూకా గోదావరి జిల్లాలో ఉంది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. అందువల్ల 1911, 1921 లెక్కల్లో మా ఊరిని కృష్ణా జిల్లా కింద చూడాలి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది కాబట్టి 1931కి మళ్లీ పుస్తకం మారింది. నేను గోదావరి జిల్లా పట్టికల్లోనే 1911 అంకెల కోసం వెతుకుతూ, ఆ పేజీలు స్కాన్ చేయలేదేమోనని ఎవరినో తిట్టుకున్నాను. ఒకే గడపలో పుట్టి పెరిగిన మా ముత్తాత, ఇల్లు కదలకుండానే, మూడు జిల్లాల మనిషి అయ్యాడన్నమాట. ఇంకో ముఖ్యమైన సంగతి: 1904 మార్పులో నరసాపురం తాలూకా మొత్తం కృష్ణాకు పోలేదు. గోదావరి పాయ అయిన వసిష్ఠకు ఆవలి ఒడ్డున ఉన్న నగరం లంక మాత్రం, అంటే ఇప్పటి రాజోలు ప్రాంతం, గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. అప్పటికి నేను దీన్ని ఒక వివరంగా మాత్రమే రాసుకున్నాను.

ఊరి స్థాయిలో అంకెలు తృప్తిగా దొరికింది 1951 జిల్లా జనగణన పుస్తకంలో. ఆ సంవత్సరం జనాభాను కులాల వారీగా కాకుండా, జీవనాధారాన్ని బట్టి ఎనిమిది తరగతులుగా విడదీశారు. మొదటి నాలుగు వ్యవసాయానివి: సొంత భూమి సేద్యం చేసేవారు, కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, సేద్యం చేయకుండా శిస్తు పుచ్చుకునేవారు. మిగిలిన నాలుగు వస్తువుల ఉత్పత్తి, వ్యాపారం, రవాణా, ఇతర సేవలు. ఇందులో నాకు ఉపయోగపడిన విశేషం ఏమిటంటే, సంపాదించే మనిషిని మాత్రమే గాక, అతని మీద ఆధారపడిన ఇంటిల్లిపాదినీ ఆ తరగతిలోనే వేశారు. మా తాతగారు ఊళ్లో బడిపంతులు. ఉన్న ఎకరం ముప్పావు మీద కంటే జీతం మీదే ఇల్లు గడిచేది. కాబట్టి తాతగారు, నాయనమ్మ, నలుగురు పిల్లలు, అప్పటికి బ్రతికి ఉన్న ముత్తవ్వ కలిసి ఏడుగురూ మా ఊరి వరసలో ఎనిమిదో తరగతి గడిలో ఉన్నారు. వ్యవసాయపు గడులన్నీ నిండుగా ఉన్న ఆ వరసలో ఆ గడిలో ఉన్నది చాలా చిన్న అంకె. పంతులు, మంగలి, చాకలి, పూజారి, వాళ్ల వాళ్ల కుటుంబాలు. ఆ అంకెలోంచి ఏడు తీసివేసి మిగిలినవాళ్లు ఎవరై ఉంటారో మా అత్తయ్యా నేనూ ఒక మధ్యాహ్నమంతా లెక్కవేశాం. ఎనభై అయిదేళ్ల ఆవిడ కళ్లు మూసుకొని, ఇల్లిల్లూ తిరిగినట్టుగా, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా మనుషులను పేరుపేరునా చెప్పింది. పేర్లు లేని లెక్క పేర్లను రాబట్టగలదని నాకు అర్థమైంది ఆ మధ్యాహ్నమే.

1931 లెక్కలు మా ఇంట్లో తొంభై ఏళ్లుగా చెప్పుకుంటున్న ఒక కథను తలకిందులు చేశాయి. మా ముత్తాత రంగూనులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉండేవారు. కొడుకు పెళ్లికి, అంటే మా తాతగారి పెళ్లికి, ఆయన రాలేకపోయారు. ఎందుకు రాలేదంటే, రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మావాళ్లకూ కొట్లాటలు జరిగి ఓడలు ఆగిపోయాయని మా నాన్నగారి దాకా అందరూ చెప్పేవారు. వినడానికి బాగున్న కారణం. ఆ కొట్లాటలు నిజంగానే జరిగాయి, 1930 మే 26న మొదలయ్యాయి. బర్మాలో తెలుగువాళ్లను కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారు. ఆ అల్లర్లలో దెబ్బతిన్నది ముఖ్యంగా వాళ్లే.

అయితే నాయనమ్మ పెట్టెలో అడుగున, మూలలకు పసుపు రాసిన శుభలేఖ ఒకటి దొరికింది. అందులో ఇంగ్లీషు తేదీ లేదు. "శుక్లనామ సంవత్సర ఫాల్గుణ శుద్ధ దశమి" అని మాత్రమే ఉంది. పాత పంచాంగం దగ్గర పెట్టుకొని చూస్తే అది 1930 మార్చి రెండో వారం. అల్లర్లకు రెండున్నర నెలలు ముందు! ఇక ఓడలు ఆగడమనే మాటకు అర్థం లేదు.

మరి ఎందుకు రాలేదు? జవాబు 1931 జనాభా లెక్కల నివేదికలో, పెళ్లయినవాళ్ల వయస్సుల గురించి రాసిన అధ్యాయంలో ఉంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేయడాన్ని శిక్షార్హం చేసిన శారదా చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మధ్యలో దొరికిన ఆ ఆరు నెలల్లో దేశమంతటా పసిపిల్లల పెళ్లిళ్లు ఆదరాబాదరాగా జరిపించేశారు. దాని ఫలితంగా 1931లో పదిహేనేళ్ల లోపు పెళ్లయిన ఆడపిల్లల సంఖ్య అంతకు ముందరి లెక్కల కంటే బాగా పెరిగి కనిపించింది. మా నాయనమ్మకు అప్పటికి తొమ్మిదేళ్లు, తాతగారికి పదహారు. శుక్ల ఫాల్గుణం వెళ్లగానే ఉగాది, ఉగాది వెంటనే ఏప్రిల్ 1. రంగూనుకు ఉత్తరం చేరి, ముత్తాత సెలవు పెట్టి, స్టీమరెక్కి కాకినాడలో దిగే వ్యవధి లేకుండా ముహూర్తం పెట్టేశారు. "ఆ నెలలో మా వీధిలోనే అయిదు పందిళ్లు, మేళగాళ్లు దొరక్క ఒక్క సన్నాయితోనే కానిచ్చారు" అని నాయనమ్మ చెబుతుంటే, ఆవిడ తన పెళ్లి గొప్పగా జరగలేదని బాధపడుతోందని మాత్రమే నేను అనుకునేవాణ్ణి. ఆవిడ చెల్లెలి పెళ్లి యానాంలో ఎందుకు జరిగిందో కూడా దీనితోనే తేలింది. ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంలో ఇంగ్లీషువారి చట్టం చెల్లదు కనుక, 1930 తరువాత చుట్టుపక్కల జిల్లాలవాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్లకు అక్కడికి వెళ్లేవారు. అంటే ఆ పెళ్లి 1930 ఏప్రిల్‌కు తరువాతిదే అయి ఉండాలి. తేదీ తెలియని ఒక సంఘటనకు ఒక వైపు హద్దు దొరికినట్టయింది.

ముత్తాత విషయంలో ఇంకో జాగ్రత్త అవసరమైంది. 1931 ఫిబ్రవరిలో లెక్కలు తీసినప్పుడు ఆయన రంగూనులోనే ఉన్నారు. కాబట్టి మా ఊరి మగవాళ్ల అంకెలో ఆయన లేరు, బర్మా సంపుటంలో ఉన్నారు. బర్మా 1937 వరకు భారతదేశంలో భాగమే కాబట్టి ఆ సంపుటం కూడా మన లెక్కల వరసలోనే దొరుకుతుంది. రంగూను నగరంలో అప్పుడు ఉన్న 4,00,415 మందిలో 2,12,929 మంది భారతీయులు; సగానికి పైగా మనవాళ్లే. బర్మాలో ఆ తరువాతి లెక్కలు 1941లో తీశారు గాని, జపానువాళ్ల దండయాత్రలో ఆ కాగితాలు పోయాయి. మీ ఇంట్లో రంగూను వెళ్లినవాళ్లు ఉంటే 1931 సంపుటాన్నే ఆధారం చేసుకోవలసి ఉంటుంది. ఉత్తర సర్కారు జిల్లాల ఊళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువగా కనబడితే, దాన్ని వింతగా కాక, రేవు దాటి పోయినవాళ్ల జాడగా చదవాలి.

ఇంతవరకు చెప్పినవి ఓపిక ఉన్నవాళ్లు ఎలాగో చేరుకునే పుస్తకాలే. నన్ను నిలబెట్టేసినది మాత్రం, దాని పేరు చూసి నేను ఆరు నెలలు పక్కన పెట్టిన పుస్తకం. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్ జనగణన అధికారి ఎ. చంద్రశేఖర్ గారి పర్యవేక్షణలో, లెక్కలతో పాటు ప్రతి జిల్లాకూ ఉత్సవాలు, తిరునాళ్ల మీద ఒక సంపుటం వేశారు. జనాభా లెక్కలవాళ్లకు తిరునాళ్లతో ఏం పని అనిపిస్తుంది. కాని ఊళ్ల నుంచి సమాచారం తెప్పించి, తాలూకాల వారీగా, ఊరి పేరు కింద ఊరు ఎక్కడుంది, అక్కడ ఏయే కులాలవాళ్లు ఉన్నారు, జీవనాధారం ఏమిటి, దేవుళ్లెవరు, ఉత్సవం ఎన్ని రోజులు, పూజారి ఎవరు, ఆ హక్కు వంశపారంపర్యమా అన్నవన్నీ వరుసగా రాసుకుపోయారు. ఇంటిపేర్లూ గోత్రాలూ వెతుక్కునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి కాగితం జనాభా లెక్కల్లో ఇంకొకటి నాకు తగలలేదు.

మా రెవెన్యూ గ్రామం పేరు కింద ఒక పేరా ఉంది. చైత్రంలో జరిగే అమ్మవారి తీర్థం గురించి: గరగలు ఎత్తడం, ఊరేగింపు, మొక్కుబడులు, వచ్చేది చుట్టుపక్కల ఊళ్ల జనమే అన్న మాట. ఇవన్నీ నేను చిన్నప్పుడు కళ్లారా చూసినవే. కాని మధ్యలో ఒక వాక్యం నేను ఎప్పుడూ విననిది. అమ్మవారి ఘటాన్ని వసిష్ఠ ఆవలి ఒడ్డు నుంచి ఒక కుటుంబం పడవ మీద తెచ్చి ఇక్కడ నిలిపిందనీ, అందుకే తీర్థంలో మొదటి చీర పెట్టే హక్కు ఆ కుటుంబానిదేననీ రాశారు. మా ఊళ్లో మొదటి చీర పెట్టేది మేమే. ఎందుకు పెడతామని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పేరా చివర, సమాచారం ఇచ్చినది ఎవరో చిన్న అక్షరాల్లో వేశారు. శ్రీ అని పెట్టి, రెండు ఇంటిపేరు అక్షరాలు, ఒక తప్పు స్పెల్లింగుతో ఒక పేరు, ఉపాధ్యాయుడు. మా తాతగారు.

ఆ పేజీని అచ్చుతీయించి అత్తయ్యకు పట్టుకెళ్లాను. చదివి వినిపిస్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అప్పుడు నేను పురిటికి వచ్చి ఉన్నాన్రా. నాన్న లాంతరు పెట్టుకొని ఏవో ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాడు. ఈ ఘటం సంగతి ఆయనకేం తెలుసు, అమ్మనే అడిగాడు. అమ్మకు వాళ్ల అత్తగారు చెప్పింది" అంది. తరువాత కాసేపు ఆలోచించి, "ఊరి పేరు కూడా చెప్పిందే. అది రాయలేదా?" అని అడిగింది. పుస్తకంలో లేదు. అత్తయ్యకు గుర్తుంది. సఖినేటిపల్లి రేవు దాటి లోపలికి వెళితే వచ్చే ఒక ఊరి పేరు చెప్పింది.

పంటు మీద ఏరు దాటి అక్కడికి వెళ్లివచ్చాను. మా ఇంటిపేరువాళ్లు ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. అయితే ఆ ఊళ్లో అమ్మవారి గుడికి పూర్వం కొద్దిపాటి ఇనాం భూమి ఉండేదని తెలిసి, దాని ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలుకు దరఖాస్తు పెట్టాను. ఇది జనాభా లెక్క కాదు. 1858 తరువాత ఇనాం కమిషన్‌వారు ఒక్కొక్క ఇనాంనూ విచారించి రాసిన పత్రం. కాని జనాభా లెక్కలు దాచిన పేర్లు ఇందులో ఉంటాయి: మొదట పొందినది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయస్సెంత, వారసులెవరు. ఒక కార్యాలయంలో నా దరఖాస్తు రెండుసార్లు కనబడకుండా పోయింది, మూడోసారి నేనే ఫైలు పక్కన కూర్చున్నాను. ఎట్టకేలకు వచ్చిన నకలులో మా ఇంటిపేరుతో, మా ముత్తాత పేరే ఉన్న మనిషి ఒకాయన, ముప్పై ఏళ్లవాడు, కనిపించాడు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందువల్ల పేరు కలిసిందని వెంటనే పొంగిపోకుండా ఏళ్లు లెక్కవేసుకున్నాను. ముత్తాత పుట్టింది 1888 ప్రాంతంలో. రిజిస్టరులోని మనిషి 1830 ప్రాంతంవాడు. తాతా మనవలకు ఉండవలసిన ఎడం సరిగ్గా సరిపోయింది. వారసుల గడిలో "ఒక కుమారుడు, పసివాడు" అని రాసి ఉంది.

ఆ పసివాడే మా ముత్తాత తండ్రి, ఘటంతో పాటు పడవలో ఈవలికి వచ్చిన తరం. ఎప్పుడు వచ్చారో చెప్పే కాగితం ఏదీ నాకు దొరకలేదు. 1871లో మద్రాసు రాజధానిలో లెక్కలు తీసినప్పుడు వాడికి పది పన్నెండేళ్లు ఉంటాయి. వాణ్ణి ఆవలి ఒడ్డున లెక్కపెట్టారో, ఈవలి ఒడ్డునో తెలియదు. అప్పుడు గుర్తుకొచ్చింది, నేను ఒక మూల రాసిపెట్టుకున్న ఆ 1904 మార్పు సంగతి. అంతకు ముందు వసిష్ఠకు రెండు వైపులా ఒకటే తాలూకా. 1871 పుస్తకం మళ్లీ తెరిచి నరసాపురం తాలూకా మొత్తం ఉన్న చోట పెన్సిలుతో ఒక చిన్న చుక్క పెట్టుకున్నాను. ఏ ఒడ్డున ఉన్నా, ఆ మొత్తంలో వాడొకడు.